దోమల గుర్తింపు - జన్యుపరీక్ష

సంస్కృతంలో దోమను 'మశకం' అంటారు. ప్రాచీన వైద్యగ్రంథమైన సుశ్రుత సంహిత కల్పస్థానంలో మశకాలను అయిదు రకాలుగా విభజించారు. అవి సాముద్రం, పరిమండలం, హస్తిమశకం, కృష్ణమశకం, పార్వతీయం. వీటిలో పార్వతీయం, అంటే కొండప్రాంతపు దోమ, కుడితే ప్రాణాపాయమని ఆ గ్రంథం హెచ్చరించింది. దోమలన్నీ ఒకే తీరువి కావనీ, వాటిలో కొన్ని మిగిలినవాటికంటె ప్రమాదకరమైనవనీ మన పూర్వులు గుర్తించారని దీనివల్ల విదితమవుతున్నది. అయితే అటువంటి విభజనకు కంటికి కనిపించే రూపం, రంగు, నివాసస్థానం మాత్రమే ఆధారం. తరువాతి కాలంలో కన్ను చాలని చోట సూక్ష్మదర్శిని వచ్చింది. సూక్ష్మదర్శిని కూడా చాలని చోట దోమలోని జన్యుపదార్థాన్నే సాక్ష్యం అడగవలసి వచ్చింది. ఒకప్పుడు పెద్ద ప్రయోగశాలలకే పరిమితమైన ఈ జన్యుపరీక్ష నేడు చేతిసంచిలో పట్టేటంత చిన్నదై పల్లెలకూ కొండలకూ చేరగలుగుతున్నది. దాని అవసరం ఏమిటో, అది ఎలా పనిచేస్తుందో, దాని పరిమితులేమిటో ఈ వ్యాసం వివరిస్తుంది.

దోమలన్నీ ఒకటి కావు

ప్రపంచంలో 3,500కు పైగా దోమజాతులు ఉన్నాయి. మగదోమలు పూలలోని మకరందాన్నీ మొక్కల రసాలనూ పీల్చి బతుకుతాయి. ఆడదోమలకు మాత్రం గుడ్లు పెట్టడానికి మాంసకృత్తులు కావాలి. వాటికోసమే అవి రక్తాన్ని పీలుస్తాయి. ఇలా రక్తం పీల్చే దోమలన్నీ రోగాలను మోసుకురావు. అనాఫిలిస్ ప్రజాతికి చెందిన కొన్ని దోమలు మలేరియాను, ఈడిస్ ప్రజాతికి చెందిన కొన్ని దోమలు డెంగీ, చికున్‌గున్యా వంటి జ్వరాలను, క్యూలెక్స్ ప్రజాతికి చెందిన కొన్ని దోమలు బోదకాలు, మెదడువాపు వంటి వ్యాధులను వ్యాపింపజేస్తాయి.

ఈ మూడు ప్రజాతులను వేరుచేసి చూడడం అంత కష్టం కాదు. గోడపై వాలినప్పుడు అనాఫిలిస్ దోమ తలను కిందికి వంచి, వెనుకభాగాన్ని పైకెత్తి ఏటవాలుగా నిలుస్తుంది. క్యూలెక్స్ దోమ గోడకు సమాంతరంగా ఉంటుంది. ఈడిస్ దోమకు నల్లని కాళ్ళపై తెల్లని పట్టీలుంటాయి. వీటి అలవాట్లు కూడా భిన్నమైనవే. డెంగీని వ్యాపింపజేసే ఈడిస్ ఈజిప్టై పగటివేళ కుడుతుంది. కుండలు, తొట్లు, పాత టైర్లు, పూలకుండీల కింది పళ్ళేలు మొదలైన వాటిలో నిలిచిన నీటిలో పెరుగుతుంది. బోదకాలు దోమకు మురుగుకాలువలు అనుకూలం. మెదడువాపును వ్యాపింపజేసే క్యూలెక్స్ దోమలు వరిచేలలో నిలిచిన నీటిలో వృద్ధి చెందుతాయి.

చిక్కంతా ప్రజాతిలోని జాతుల దగ్గర వస్తుంది. ఒక్క అనాఫిలిస్ ప్రజాతిలోనే 400కు పైగా జాతులున్నాయి. వాటిలో సుమారు 40 మాత్రమే మలేరియాను చెప్పుకోదగ్గ స్థాయిలో వ్యాపింపజేస్తాయి. భారతదేశంలో ఉన్న అనాఫిలిస్ జాతులలో ఆరింటిని ప్రధాన వాహకాలుగా పరిగణిస్తారు. కనుక ఒక ఊరిలో అనాఫిలిస్ దోమలు ఉన్నాయని తెలిసినంత మాత్రాన ఆ ఊరికి మలేరియా ముప్పు ఉన్నదని చెప్పలేము. అవి ఏ జాతివో తేలాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2023లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 26 కోట్ల 30 లక్షల మలేరియా కేసులు నమోదయ్యాయని అంచనా. ఆ ఒక్క సంవత్సరమే 5 లక్షల 97 వేల మంది ఆ జ్వరానికి బలయ్యారు. వారిలో అత్యధికులు ఆఫ్రికా ఖండంలోని పసిపిల్లలు. దోమ జాతిని తేల్చుకోవడం కేవలం పండితుల వినోదం కాదని ఈ అంకెలే చెబుతున్నాయి.

సికింద్రాబాదు నేర్పిన పాఠం

దోమజాతిని గుర్తించడం ఎంత ముఖ్యమో తెలుగునేలపై జరిగిన ఒక పరిశోధనే లోకానికి చాటింది. మలేరియా వ్యాప్తిలో దోమల పాత్ర ఉండవచ్చునని 1894లో పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు ఊహించాడు. ఆ ఊహను నిరూపించాలనే దీక్షతో, భారత వైద్యసేవలో ఉన్న రొనాల్డ్ రాస్ 1895లో సికింద్రాబాదులో పరిశోధన ప్రారంభించాడు. దోమలచేత మలేరియా రోగులను కుట్టించి, తరువాత ఆ దోమలను కోసి, సూక్ష్మదర్శిని కింద పరీక్షించేవాడు. రెండేళ్ళపాటు ఎన్ని దోమలను కోసి చూసినా పరాన్నజీవి జాడ తెలియలేదు. లోపం ఆయన శ్రద్ధలో లేదు, సూక్ష్మదర్శినిలోనూ లేదు. ఆయన అంతకాలం ప్రధానంగా పరీక్షించినవి బూడిదరంగు దోమలు, చారల దోమలు. నేటి పరిభాషలో చెప్పాలంటే అవి క్యూలెక్స్, ఈడిస్ దోమలు. మానవ మలేరియా పరాన్నజీవి వాటిలో పెరగదు.

1897 ఆగస్టులో రెక్కలపై మచ్చలున్న మరొక రకం దోమలు ఆయనకు లభించాయి. హుసేన్ ఖాన్ అనే రోగిని ఆ దోమలచేత కుట్టించాడు. ఆగస్టు 20న వాటిలో ఒకదానిని కోసి చూడగా జీర్ణాశయపు గోడలో నల్లని రేణువులతో కూడిన వింత కణాలు కనిపించాయి. అవే మలేరియా పరాన్నజీవి ఎదుగుదలలోని ఒక దశ. ఈ కృషికి రాస్ 1902లో నోబెల్ బహుమతి పొందాడు. ఆగస్టు 20ని నేటికీ ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నారు. ఆనాడు రాస్ చూసిన మచ్చల రెక్కల దోమ అనాఫిలిస్ స్టీఫెన్సీ జాతికి చెందినదై ఉంటుందని తరువాతి శాస్త్రజ్ఞులు భావించారు. ఒక మేధావి రెండేళ్ళ శ్రమ ఫలించకపోవడానికి కారణం దోమజాతి తెలియకపోవడమే. సరియైన దోమ దొరికిన కొద్దిరోజులకే సత్యం బయటపడింది.

మేకవన్నె పులులు

రాస్ ఎదుర్కొన్న చిక్కు వేరువేరు ప్రజాతులకు సంబంధించినది. అంతకంటె జటిలమైన చిక్కు మరొకటి ఉంది. కొన్ని దోమజాతులు రూపంలో అచ్చుగుద్దినట్లు ఒకటిగానే ఉంటాయి. రెక్క, కాలు, మచ్చ దేనిలోనూ తేడా కనిపించదు. కాని అవి సహజంగా పరస్పరం సంపర్కించి సంతానవృద్ధి చేయవు. వాటి ఆహారం, విశ్రాంతి, రోగాన్ని మోసే శక్తి కూడా వేరు. ఇటువంటివాటిని శాస్త్రజ్ఞులు సోదర జాతులు అంటారు. సాధువైన మేకల మందలో మేకవన్నె పులి కలిసిపోయినట్లు, పశువులను మాత్రమే కుట్టే దోమల నడుమ మనుషులను కుట్టి జ్వరాన్ని అంటించే దోమ కలిసిపోయి ఉంటుంది.

ఈ రహస్యం మొదట ఐరోపాలో బయటపడింది. అక్కడ మలేరియా దోమగా పేరుపడిన అనాఫిలిస్ మాక్యులిపెన్నిస్ కొన్ని ప్రాంతాలలో కోకొల్లలుగా ఉన్నా జ్వరం మాత్రం ఉండేది కాదు. మరికొన్ని ప్రాంతాలలో అదే దోమ ఊళ్ళకు ఊళ్ళను మంచం పట్టించేది. 1926లో ఇటలీకి చెందిన ఫల్లెరోని అనే ఆరోగ్యశాఖ ఉద్యోగి ఈ దోమల గుడ్లపై ఉండే చారలలో, మచ్చలలో తేడాలున్నాయని గమనించాడు. క్రమంగా అవి ఒకే జాతి దోమలు కావనీ, కొన్ని పశువులనూ, కొన్ని మనుషులనూ ఎక్కువగా కుట్టే వేరువేరు జాతులనీ రుజువైంది.

మన దేశంలో గ్రామీణ మలేరియాకు ముఖ్యకారణం అనాఫిలిస్ క్యూలిసిఫేసిస్. ఇది కూడా ఒకే జాతి కాదు. ఎ, బి, సి, డి, ఇ అనే అయిదు సోదర జాతుల సముదాయం. వీటిలో 'బి' జాతి ప్రధానంగా పశువులను ఆశ్రయిస్తుంది. మలేరియా వ్యాప్తిలో దాని పాత్ర స్వల్పం. రామేశ్వరం దీవిలో ఈ 'బి'తో కలిసి, దానిని పోలి ఉన్న 'ఇ' జాతి మాత్రం సమర్థమైన వాహకమని తేలింది. అదేవిధంగా కొండవాగులలో పెరిగే అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ సముదాయంలో ఎస్, టి, యు అనే జాతులున్నాయి. ఒడిశా అటవీ ప్రాంతాలలో 'ఎస్' జాతి ఇళ్ళలో విశ్రమించి మనుషులను కుడుతుంది. 'టి' జాతి పశువుల పాకలను ఆశ్రయిస్తుంది. తూర్పు కనుమలలోని మన తెలుగు మన్యంలోనూ ఫ్లూవియాటిలిస్ దోమలున్నాయి. మలేరియాకు ఒకప్పుడు 'మన్యపు జ్వరం' అనే పేరుండేదంటే ఆ ప్రాంత ప్రజలు పడిన బాధ ఎంతటిదో ఊహించవచ్చు.

ఇటువంటి జాతులను ఒకే గాటన కట్టడం వల్ల నష్టం రెండు విధాలు. నిరపాయకరమైన దోమలపై మందు చల్లి ధనాన్నీ శ్రమనూ వ్యర్థం చేయడం మొదటిది. అపాయకరమైన దోమను గుర్తించక వదిలివేయడం రెండవది. మధ్య వియత్నాంలో అనాఫిలిస్ వరునా అనే పశువుల దోమను, మలేరియా వాహకమైన అనాఫిలిస్ మినిమస్‌గా పొరబడి, దాని నివారణకు ప్రయత్నాలు సాగించారని జన్యుపరీక్షలు జరిపిన శాస్త్రజ్ఞులు 2001లో వెల్లడించారు. రోగమొక చోట, మందొక చోట అన్న చందంగా ఆ ప్రయత్నం దారి తప్పింది.

జన్యులిపిని చదవడం

రూపంలో తేడా లేని జాతులను విడదీసే శక్తి వాటి కణాలలోని డి.ఎన్.ఏ.కు ఉంది. డి.ఎన్.ఏ. ఒక సుదీర్ఘమైన లిపి వంటిది. అడినిన్, థైమిన్, గ్వానిన్, సైటోసిన్ అనే నాలుగు క్షారాలు ఆ లిపిలోని అక్షరాలు. ఆఫ్రికాలో ప్రముఖ మలేరియా దోమ అయిన అనాఫిలిస్ గాంబియే జన్యులిపిని 2002లో ప్రకటించారు. అందులో సుమారు 27 కోట్ల 80 లక్షల అక్షర జంటలున్నాయి. కంటికి ఆనని దోమ కాలి కణంలో సైతం ఈ గ్రంథం సమగ్రంగా ఉంటుంది.

పూర్వం కావ్యాలను తాళపత్రాలపై చేతితో రాసుకునేవారు. ఒక ప్రతిని చూసి మరొక ప్రతిని రాసేటప్పుడు లేఖకులవల్ల కొన్ని అక్షరాలు మారేవి. ఆ మార్పులు తరువాతి ప్రతులలోకి సంక్రమించేవి. కొంతకాలానికి ఒక్కొక్క ప్రాంతపు ప్రతులకు ప్రత్యేకమైన పాఠభేదాలు ఏర్పడేవి. గ్రంథ పరిష్కర్త ఆ భేదాలను బట్టి ఒక ప్రతి ఏ శాఖకు చెందినదో నిర్ణయిస్తాడు. దోమల జన్యులిపి విషయంలోనూ ఇదే జరుగుతుంది. ఒకే మూలం నుంచి విడిపోయిన రెండు జాతులలో తరతరాలుగా అక్షరభేదాలు పేరుకుపోతాయి. జన్యులిపి అంతటినీ చదవనవసరం లేదు. జాతిభేదాలు స్పష్టంగా కనిపించే ఒకటి రెండు భాగాలను పరిశీలిస్తే చాలు. మైటోకాండ్రియాలోని సి.ఓ.ఐ. అనే జన్యువు, కేంద్రకంలోని ఐ.టి.ఎస్.-2 అనే భాగం ఇందుకు ఎక్కువగా ఉపయోగపడుతున్నాయి. దుకాణాలలో వస్తువులపై ఉండే బార్‌కోడ్ ఆ వస్తువును గుర్తించినట్లు, ఒక చిన్న జన్యుభాగంతో జంతుజాతులను గుర్తించవచ్చునని 2003లో కెనడా శాస్త్రజ్ఞుడు పాల్ హెబర్ట్ ప్రతిపాదించాడు.

అయితే ఒక దోమలో లభించే డి.ఎన్.ఏ. అతిస్వల్పం. పరీక్షకు ముందు దానిలో కావలసిన భాగాన్ని కోట్లాది ప్రతులుగా పెంచాలి. ఇందుకు మార్గాన్ని 1983లో అమెరికా శాస్త్రజ్ఞుడు కేరీ మల్లిస్ కనుగొన్నాడు. అదే పాలిమరేజ్ చెయిన్ రియాక్షన్, సంక్షిప్తంగా పి.సి.ఆర్. ఈ ఆవిష్కరణకు ఆయన 1993లో నోబెల్ బహుమతి పొందాడు. ఈ పద్ధతిలో డి.ఎన్.ఏ.ను సుమారు 95 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేసి దాని రెండు పోగులను విడదీస్తారు. తరువాత చల్లార్చి, ప్రైమర్లు అనే చిన్న జన్యుశకలాలు తగినచోట అతుక్కునేలా చేస్తారు. మళ్ళీ సుమారు 72 డిగ్రీలకు వేడిచేస్తే ఒక ఎంజైము కొత్త పోగులను అల్లుతుంది. ఒక్కొక్క ఆవృత్తికి ప్రతుల సంఖ్య రెట్టింపవుతుంది. 30 ఆవృత్తులు సక్రమంగా పూర్తయితే ఒక్క ప్రతి 100 కోట్లకు పైగా ప్రతులవుతుంది. ఒక జాతికి మాత్రమే అతికే ప్రైమర్లను వాడితే, ఆ జాతి దోమలోనే ప్రతులు పెరుగుతాయి. ప్రతులు పెరిగాయా లేదా అన్నదే జాతి నిర్ణయానికి ఆధారం. గాంబియే సముదాయంలోని సోదర జాతులను ఇలా వేరుచేసే పరీక్ష 1993లో వెలువడింది.

అంతకుముందు సోదర జాతులను గుర్తించడానికి దోమ క్రోమోజోములపై గల అడ్డపట్టీలను సూక్ష్మదర్శినిలో చదివేవారు. అందుకు గుడ్లు కొంతవరకు ఎదిగిన దశలో ఉన్న ఆడదోమలే కావాలి. చూసేవారికి ఏళ్ళ తరబడి అనుభవం కావాలి. పి.సి.ఆర్. ఈ ఇబ్బందిని తొలగించింది. ఎండిపోయిన దోమ, డింభకం, విరిగిన కాలు ఏదైనా పరీక్షకు పనికివస్తుంది.

ప్రయోగశాల నుంచి పల్లెకు

పి.సి.ఆర్. యంత్రం వేడినీ చల్లదనాన్నీ క్షణాలలో మార్చాలి. దానికి నిలకడైన విద్యుత్తు, శుభ్రమైన గది, శిక్షణ పొందిన సిబ్బంది కావాలి. ఇవి నగరాలలోనే లభిస్తాయి. మలేరియా మాత్రం నగరాలకు దూరంగా ఉన్న గూడేలలో ఎక్కువ. అక్కడ పట్టిన దోమలను భద్రపరచి, ప్రయోగశాలకు పంపి, వంతు వచ్చేవరకు వేచి ఉంటే ఫలితం చేతికి అందేసరికి వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలు గడిచిపోతాయి. రోగి రక్తంతోపాటు దోమలో ప్రవేశించిన పరాన్నజీవి మరొకరికి సోకే స్థితికి చేరడానికి వెచ్చని వాతావరణంలో రమారమి 10 నుంచి 14 రోజులు పడుతుంది. అంటే జవాబు వచ్చేలోగా ప్రశ్నకు కాలం మించిపోతుంది. వాన వెలిసి, జ్వరాలు ముదిరిన తరువాత ఏ దోమో తెలిసి ప్రయోజనం స్వల్పం.

ఈ కొరతను తీర్చే దిశగా 2000లో జపాను శాస్త్రజ్ఞులు ఒక నూతన పద్ధతిని ప్రకటించారు. దానిని 'లాంప్' అని వ్యవహరిస్తారు. ఇందులో ఉష్ణోగ్రతను మాటిమాటికి మార్చే పని లేదు. 60 నుంచి 65 డిగ్రీల మధ్య ఒకే వేడిని నిలిపి ఉంచితే చాలు. ఇందులోని ఎంజైము డి.ఎన్.ఏ. పోగులను తనంతట తానే విడదీస్తూ కొత్త పోగులను అల్లుకుంటూ పోతుంది. నాలుగు నుంచి ఆరు ప్రైమర్లు జన్యుభాగంలోని వేరువేరు చోట్లను గుర్తించాలి. అవన్నీ సరిపోతేనే ప్రతిక్రియ సాగుతుంది. అరగంట నుంచి గంట వ్యవధిలో ఫలితం తెలుస్తుంది.

పరీక్ష జరిపే విధానం సరళమైనది. దోమ కాలును లేదా శరీరంలోని కొంతభాగాన్ని ఒక ద్రావణంలో నలుపుతారు. ఆ ద్రావణంలో కొద్దిగా తీసి, ఎంజైము, ప్రైమర్లు, రంగుద్రవ్యం ఉన్న చిన్న గొట్టంలో వేస్తారు. బ్యాటరీతో పనిచేసే చిన్న పెట్టెలోగాని, వేడి నిలకడగా ఉండే నీటిలోగాని ఆ గొట్టాన్ని ఉంచుతారు. డి.ఎన్.ఏ. ప్రతులు పెరిగినకొద్దీ ద్రావణంలో ఆమ్లగుణం పెరుగుతుంది. తత్ఫలితంగా గులాబిరంగు పసుపురంగుగా మారుతుంది. రంగు మారితే వెతుకుతున్న జాతి దొరికినట్లు, మారకపోతే ఆ దోమ వేరే జాతిదైనట్లు భావిస్తారు. రసాయనశాస్త్ర ప్రయోగశాలలో సూచికల రంగు మార్పును గమనించిన విద్యార్థులకు ఈ సూత్రం పరిచితమైనదే.

2018లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయం, ఆస్టిన్ శాస్త్రజ్ఞులు ఈ పద్ధతికి సెల్‌ఫోను కెమెరాను జోడించారు. ఈడిస్ ఈజిప్టై దోమను గుర్తించడంతోపాటు, దానిలో వోల్బాకియా అనే బాక్టీరియా ఉన్నదీ లేనిదీ కూడా ఆ పరీక్ష తెలుపుతుంది. వోల్బాకియా ఉన్న దోమలో డెంగీ వైరస్ సరిగా వృద్ధి చెందదు. ఇండొనేషియాలోని యోగ్యకర్తా నగరంలో అటువంటి దోమలను విడుదల చేసిన ప్రాంతాలలో డెంగీ 77 శాతం తగ్గిందని 2021లో ప్రకటించారు. ఆ బాక్టీరియా ఉన్న దోమకూ లేని దోమకూ పైకి ఎట్టి తేడా కనిపించదు. విడుదల చేసిన దోమలు నిలదొక్కుకున్నాయో లేదో తెలియాలంటే జన్యుపరీక్ష తప్పనిసరి.

ఏ జాతిదో ఊహకు కూడా అందని దోమ దొరికినప్పుడు జన్యులిపిని అక్షరం అక్షరం చదవవలసి వస్తుంది. దీనికీ నేడు చేతిలో ఇమిడే పరికరాలున్నాయి. నానోపోర్ పద్ధతిలో డి.ఎన్.ఏ. పోగు అతిసూక్ష్మమైన రంధ్రం గుండా జారిపోతుంది. ఒక్కొక్క అక్షరాల వరుస దాటేటప్పుడు విద్యుత్ప్రవాహం ఒక్కొక్క విధంగా మారుతుంది. ఆ మార్పులను కంప్యూటరు అక్షరాలుగా చదువుతుంది. సుమారు 100 గ్రాముల బరువుండే మినయాన్ అనే పరికరాన్ని 2015లో పశ్చిమాఫ్రికాలోని గినీకి తీసుకువెళ్ళి ఎబోలా వైరస్ లిపిని అక్కడికక్కడే చదివారు. 2016లో అంతరిక్ష కేంద్రంలోనూ దానిని పనిచేయించారు. రోగుల నమూనాల పరీక్షలో మన దేశానికీ ఇటువంటి అనుభవం ఉంది. బ్యాటరీతో నడిచే ట్రూనాట్ అనే భారతీయ యంత్రం క్షయ నిర్ధారణలో పనికివస్తుందని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది.

సముద్రం దాటిన దోమ

చేతిలో ఇమిడే పరీక్ష అవసరాన్ని అన్నిటికంటె స్పష్టంగా చూపిన ఉదంతం అనాఫిలిస్ స్టీఫెన్సీది. సికింద్రాబాదులో రాస్ చూసినదని భావిస్తున్న దోమ ఇదే. దక్షిణాసియాకు, పశ్చిమాసియాకు చెందిన ఈ దోమ బావులలో, మేడలపై నీటితొట్లలో, నిర్మాణాల వద్ద నిల్వచేసిన నీటిలో పెరుగుతుంది. మన నగరాలలో మలేరియాకు ఇదే ముఖ్యకారణం. ఆఫ్రికాలోని మలేరియా దోమలు ప్రధానంగా పల్లెటూళ్ళవి. అందువల్ల అక్కడి నగరవాసులకు మలేరియా బెడద కొంత తక్కువగా ఉండేది.

2012లో ఆఫ్రికా తూర్పుతీరంలోని జిబూటీ నగరంలో స్టీఫెన్సీ జాడ కనిపించింది. ఆ సంవత్సరం ఆ చిన్నదేశంలో నమోదైన మలేరియా కేసులు 27. 2020 నాటికి ఆ సంఖ్య 73 వేలు దాటింది. 2016లో ఇథియోపియాలో ఈ దోమ దొరికింది. అక్కడి కీటకశాస్త్రజ్ఞులు వాడే గుర్తింపు పట్టికలు ఆఫ్రికా దోమలకు సంబంధించినవి. వాటిలో స్టీఫెన్సీకి చోటు లేదు. ఐ.టి.ఎస్.-2, సి.ఓ.ఐ. భాగాలను చదివిన తరువాత దాని జాతి నిర్ధారణ అయింది. అనంతరం సూడాన్, సోమాలియా, నైజీరియా, కెన్యా, ఘనా దేశాలలోనూ దాని ఉనికి వెల్లడైంది. శ్రీలంకలోని మన్నారులో కూడా 2016లోనే ఇది కనిపించింది. ఆ సంవత్సరమే ప్రపంచ ఆరోగ్య సంస్థ శ్రీలంకను మలేరియా రహిత దేశంగా ప్రకటించడం గమనార్హం.

ఈ దోమను ఎదుర్కొనే విధానం వేరు. పల్లెటూళ్ళ దోమకు దోమతెరలు, ఇంటిగోడలపై మందు చల్లడం ప్రధాన ఆయుధాలు. స్టీఫెన్సీకి నీటితొట్ల మూతలు, నిల్వనీటిలో డింభకాల నిర్మూలన ముఖ్యం. నీటితొట్టిలో దొరికిన డింభకం ఏ జాతిదో ఆ పూటే తెలిస్తే ఆ వీధిలోని తొట్లన్నిటిని వెంటనే శుభ్రపరచవచ్చు. నెలల తరువాత తెలిస్తే దోమ మరో పట్టణం చేరి ఉంటుంది. స్టీఫెన్సీని గుర్తించే లాంప్ పరీక్షలను ఇటీవల రూపొందించడంలో గల ఉద్దేశం ఇదే.

పరిమితులు

ఎంత గొప్ప సాధనమైనా దాని హద్దులు తెలిసి వాడినప్పుడే రాణిస్తుంది. లాంప్ పరీక్ష అడిగిన ప్రశ్నకే జవాబిస్తుంది. స్టీఫెన్సీ కోసం తయారైన గొట్టం రంగు మారకపోతే ఆ దోమ స్టీఫెన్సీ కాదని మాత్రమే అర్థం. అది మరే జాతిదో ఆ పరీక్ష చెప్పదు. మరీ దగ్గరి సోదర జాతులను విడదీయడానికి ఒకటికి మించిన పరీక్షలు అవసరమవుతాయి. ఈ పద్ధతి చాలా సున్నితమైనది కావడం వల్ల మునుపటి పరీక్షలోని లేశమాత్రపు డి.ఎన్.ఏ. తగిలినా తప్పుడు ఫలితం రావచ్చు. అందుకే ప్రతిసారీ జాతి ముందే తెలిసిన దోమతో ఒక గొట్టాన్ని, ఏ దోమనూ వేయని మరొక గొట్టాన్ని పక్కన ఉంచి సరిచూస్తారు. ఎంజైములను చల్లగా భద్రపరచడం కొండప్రాంతాలలో కష్టం. ఎండబెట్టిన పొడిరూపంలో వాటిని తయారుచేసి ఈ ఇబ్బందిని కొంతవరకు అధిగమిస్తున్నారు.

దోమ జాతి తెలిసినంత మాత్రాన దానిలో రోగక్రిమి ఉన్నట్లు కాదు. అందుకు వేరే పరీక్ష కావాలి. అన్నిటికీ మించి, దోమలను పట్టి తెచ్చేవారు లేనిదే ఏ యంత్రమూ పనిచేయదు. తెల్లవారుజామున ఇళ్ళలో, పశువుల పాకలలో దోమలను సేకరించే ఆరోగ్య సిబ్బంది, వాటిని తొలిచూపులోనే ప్రజాతులుగా విడదీయగల కీటకశాస్త్రజ్ఞుడు ఈ వ్యవస్థకు మూలస్తంభాలు. జన్యుపరీక్ష వారి చేతిలో పనిముట్టు మాత్రమే. వారి అనుభవానికి అది ప్రత్యామ్నాయం కాదు.

ముగింపు

భారతదేశం 2030 నాటికి మలేరియాను నిర్మూలించాలని లక్ష్యంగా పెట్టుకున్నది. కేసులు తగ్గినకొద్దీ మిగిలిన జ్వరం మారుమూల గూడేలలోనో, నగరంలోని కొన్ని వీధులలోనో దాగి ఉంటుంది. ఊరంతా మందు చల్లడం కాక, ఏ చోట ఏ దోమ ఉన్నదో తెలుసుకొని దానికి తగిన చర్య తీసుకోవలసిన దశ అది. కీటకనాశినులను విచక్షణారహితంగా వాడితే దోమలు వాటికి అలవాటుపడి లొంగకుండా పోతాయి. పంటలకు మేలుచేసే కీటకాలు, నీటిలోని జీవులు నశిస్తాయి. గుర్తించి కొట్టే దెబ్బవల్ల ఈ నష్టం తగ్గుతుంది.

సరియైన దోమను చేరడానికి రాస్‌కు రెండేళ్ళు పట్టింది. నేడు ఒక ఆరోగ్య కార్యకర్త గూడెంలోని అరుగుపై కూర్చుండి గంటలో ఆ పని చేయగలిగే సాధనం రూపుదిద్దుకున్నది. ఆ గంటలో తెలిసిన విషయం ఆ సాయంత్రానికి ఆచరణలోకి వచ్చినప్పుడే దానికి సార్థకత. తొట్టిపై మూత పెట్టే గృహిణి, మందు చల్లే కార్మికుడు, దోమను పరీక్షించే శాస్త్రజ్ఞుడు ఒకే పనిలో భాగస్వాములు. వీరిలో ఏ ఒక్కరు తమ పనిని విస్మరించినా మిగిలినవారి శ్రమ వృథా అవుతుంది.